400 కేవీ లైను వద్దంటే ఆగుతుందా? పంచాయతీ చేతిలో నిజంగా ఉన్నదేమిటి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో మిరప, పత్తి పండించే ఊరు. నేను సర్పంచిని. రెండు నెలల కిందట కొందరు వచ్చి మా పొలాల్లో రాళ్లు పాతి, వాటికి ఎర్ర రంగు పూసి వెళ్లారు. అడిగితే 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) డబుల్ సర్క్యూట్ లైను, అంటే ఒకే టవర్ల మీద రెండు వరుసల తీగలతో పోయే విద్యుత్ లైను వస్తుందన్నారు. రైతులెవరికీ నోటీసు రాలేదు, ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. గ్రామసభ పెట్టి ‘ఈ లైను మాకు వద్దు’ అని తీర్మానిస్తే ఆగిపోతుందని ఊళ్లో కుర్రవాళ్లు పట్టుబడుతున్నారు. పంచాయతీ తీర్మానాన్ని ఎవరూ లెక్కచేయరని మా కార్యదర్శి అంటున్నారు. ఈలోగా కంపెనీ మనుషులు పంచాయతీ ఆఫీసుకు ఒక కాగితం తెచ్చి, మేతబీడు, డొంక దాటడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టమన్నారు. దాని నకలు జతచేస్తున్నాను. ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. రాళ్లు పాతిన చేలల్లో మా మరిదిది ఒకటి. లైనును కాస్త పడమరకు జరిపితే ఆ చేను తప్పిపోతుంది గాని, ఎస్సీ కాలనీ వారికి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల మీదికి పోతుంది. ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: సర్పంచి గారికి నమస్కారం.

మీ కార్యదర్శి చెప్పినది సగం నిజం. ఊరంతా ఏకగ్రీవంగా వద్దన్నా ఆ ఒక్క తీర్మానంతో లైను ఆగదు. మిగతా సగం ఆయన చెప్పలేదు, బహుశా ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. మీ పంచాయతీ అనుమతి లేకుండా వారు ఉపయోగించుకోకూడని నేల మీ ఊళ్లోనే ఉంది. ఆ సంగతి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోనే రాసి ఉంది. మీ ముందుకు వచ్చిన కాగితం దాని గురించే.

ముందుగా తీర్మానం లైనును ఎందుకు ఆపజాలదో చూద్దాం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలలో విద్యుత్తు పేరు ఉన్నమాట నిజమే కాని, అక్కడ ఉన్నది పంపిణీతో సహా గ్రామీణ విద్యుదీకరణ మాత్రమే. ఊరి ట్రాన్స్‌ఫార్మరు, వీధి దీపాలు, వ్యవసాయ కనెక్షన్ల మాటలో పంచాయతీకి చోటు దొరుకుతుంది గాని, జిల్లాలు దాటిపోయే ప్రసార లైన్లు 2003 నాటి విద్యుత్ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టంలోని 164వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం, లైను వేసే సంస్థకు ఒక ఉత్తర్వు ద్వారా టెలిగ్రాఫ్ శాఖకు ఉండే అధికారాలను కట్టబెట్టవచ్చు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. అయినా తంతి స్తంభాలు నాటడానికి తెల్లవారు రాసుకున్న 1885 చట్టం మాత్రం ఈనాటికీ టవర్ల రూపంలో మన చేలల్లో నిలబడుతూనే ఉంది. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని తెచ్చినప్పుడు కూడా, విద్యుత్ ప్రసార లైన్లకు సంబంధించినంతవరకు పాత చట్టంలోని మూడో భాగం అలాగే వర్తిస్తుందని ప్రత్యేకంగా రాసుకున్నారు.

ఆ అధికారాలు ఉన్న సంస్థ రైతు సమ్మతి ముందుగా తీసుకోవలసిన పని లేదని, ఛత్తీస్‌గఢ్‌లో సున్నపురాయి గని లీజు ఉన్న సెంచురీ టెక్స్‌టైల్స్‌కూ కేంద్ర ప్రభుత్వ విద్యుత్ ప్రసార సంస్థ పవర్‌గ్రిడ్‌కూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తేల్చింది. అంత పెద్ద కంపెనీకే దొరకని ఊరట ‘మమ్మల్ని అడగలేదు’ అన్న ఒక్క వాదనతో మన రైతుకు దొరుకుతుందని నేను మీకు ఆశ పెట్టలేను. ప్రజాభిప్రాయ సేకరణ సంగతీ అంతే. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో ప్రసార లైన్లు లేవు కనుక, ఆ సభ కోసం ఎదురుచూడటం వృథా.

అందువల్ల మీరు మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ లైనుకు 164వ సెక్షన్ కింద ఉత్తర్వు ఉందా, ఉంటే దాని నకలు ఏది? అది లేనట్లయితే కథ మారుతుంది. అప్పుడు 2006 నాటి లైసెన్సీల పనుల నిబంధనలు వర్తిస్తాయి, ఆ నిబంధనల ప్రకారం భూమి యజమాని సమ్మతి ముందుగా కావాలి, ఆయన అభ్యంతరం చెబితే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. ఉత్తర్వుతో పాటు, 68వ సెక్షన్ కింద ప్రభుత్వం ఇచ్చిన ముందస్తు ఆమోదం, లైను మార్గం మ్యాపు, మీ గ్రామంలో టవరు పడే ప్రతి చోటికీ సర్వే నంబరు కావాలని పంచాయతీ తరఫున రాతపూర్వకంగా అడగండి. కంపెనీకి రాసిన లేఖ నకలు కలెక్టరు గారికి, ఆర్డీఓ గారికి పంపి రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగినవి రేపు ఎవరూ ఒప్పుకోరు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న దానికి వద్దాం. టెలిగ్రాఫ్ చట్టం పదో సెక్షన్‌లోని సి క్లాజు, స్థానిక సంస్థకు చెందిన ఆస్తిలోగాని, దాని అధీనంలో, నిర్వహణలో ఉన్న ఆస్తిలోగాని ఆ సంస్థ అనుమతి లేకుండా ఈ అధికారాలను వాడరాదని చెబుతుంది. అంటే రైతు చేనుకు లేని రక్షణ పంచాయతీ నేలకు ఉంది. పన్నెండో సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ అనుమతిని సహేతుకమైన షరతులతో ఇవ్వవచ్చునని, అందువల్ల పంచాయతీకి తప్పనిసరిగా అయ్యే ఖర్చుల గురించి, పని చేసే కాలం గురించి, పద్ధతి గురించి షరతులు పెట్టవచ్చునని అంటుంది. కుదరక వివాదమైతే పదిహేనో సెక్షన్ ప్రకారం దానిని కేంద్ర ప్రభుత్వం నియమించిన అధికారి తేలుస్తాడు, ఆయన నిర్ణయం మీద కేంద్రానికి అప్పీలు ఉంటుంది. కాబట్టి ఇది చివరిదాకా అడ్డుకునే అధికారం కాదు. కాని అవతలివారు మీతో కూర్చుని మాట్లాడక తప్పని పరిస్థితిని తెస్తుంది. ఒక గ్రామ పంచాయతీకి అది చిన్న విషయం కాదు.

మీ పంచాయతీకి చెందిన నేల ఏది? 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కింద మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండిబాటలు, తోపుల వంటి పోరంబోకులు, ప్రభుత్వం వేరే పనికి కేటాయించుకోనంతవరకు, గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. ఊరి రోడ్లు కూడా అంతే. చెరువు కట్ట మాత్రం నీటిపారుదల శాఖది కావచ్చు. అందుకని కార్యదర్శి, వీఆర్వో, గ్రామ సర్వేయరు ముగ్గురినీ కూర్చోబెట్టి, లైను దాటే ప్రతి పోరంబోకు ముక్కకు అడంగల్, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీసి, ఇది పంచాయతీది, ఇది రెవెన్యూది, ఇది నీటిపారుదలది అని ఒక పట్టిక రాయించండి. ఈ పని ఒక పూటలో అవుతుంది. ఈ పట్టిక లేకుండా గ్రామసభ పెడితే అది ఉపన్యాసాలతోనే ముగుస్తుంది.

తీర్మానంలో ‘వద్దు’ అని రాసే హక్కు మీకు ఉంది, గ్రామసభ అలా కోరితే మొదటి వాక్యంగా అదే రాయండి. కాని దాని కింద మీ షరతులు, మీ ప్రశ్నలు లేకపోతే, చదివే అధికారికి ఆ కాగితాన్ని ఫైలులో పెట్టి మరచిపోవడం తప్ప చేయడానికి పనేమీ ఉండదు. నేను మీ స్థానంలో ఉంటే ఏవి రాస్తానో చెబుతాను. పంట చేతికి వచ్చే దాకా, అంటే మిరప కోతలు ముగిసే దాకా, భారీ క్రేన్లు, తీగ లాగే యంత్రాలు చేలల్లోకి దిగకూడదు. టవరు గుంటలు తవ్విన మట్టిని డొంకలో పోయకూడదు, పాడైన డొంకను మునుపటిలా చేసి ఇవ్వాలి. టవరును మేతబీడు నడుమ కాక అంచున నిలపాలి. లైను కింద ఉన్న ఇనుప కంచెలకు సంస్థే ఎర్తింగ్ చేయించాలి. ఈ చివరిది చాదస్తంగా కనిపించవచ్చు. మంచు కురిసిన తెల్లవారుజామున 400 కేవీ లైను కింద నిలబడి, తేనెతుట్టె కదిలినట్టు వినిపించే ఆ రొదను ఒకసారి విన్నవారికి, ఆ లైనుకు సమాంతరంగా పోయే తీగ కంచెను తాకి చేయి ఝుమ్మని వెనక్కి తీసుకున్నవారికి అది చాదస్తం కాదని తెలుస్తుంది.

మార్గం మార్చమని అడగాలా? అడగవచ్చు, కాని ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. గోవాలో తమ్నార్ ప్రాజెక్టు 400 కేవీ లైను మొల్లెం అడవుల గుండా పోతుందని పెద్ద ఆందోళన జరిగినప్పుడు, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఆ లైనును పూర్తిగా రద్దు చేయమనలేదు, కొత్త అడవిని నరకకుండా ఇప్పటికే ఉన్న లైను కారిడార్ వెంటే తీసుకుపొమ్మంది. మీ ఊరి చుట్టుపక్కల పాత 220 కేవీ లైనో, కాలువ గట్టో, రోడ్డు అంచో ఉంటే, దాని వెంట పోయే మార్గాన్ని మ్యాపు మీద గీసి చూపించండి. ఇక భూగర్భంలో కేబుల్ వేయమనే కోరిక వినడానికి బాగుంటుంది. తమిళనాడులోని పుగలూరు నుంచి కేరళలోని త్రిసూర్ వరకు వేసిన లైనులో సుమారు 27 కిలోమీటర్లు భూమిలోనే పోతుంది. కాని అది డీసీ లైను. మీ పొలాల్లో వేసేది ఏసీ లైను, దానిని దూరం దూరం పాతిపెట్టడం సాంకేతికంగానూ కష్టం, ఖర్చు కూడా అనేక రెట్లు. ఆ కోరికను పట్టుకుని కూర్చుంటే, దొరకగలిగే చిన్న మార్పులు కూడా చేజారిపోతాయి.

ఆ చిన్న మార్పులు ఏమిటో కాస్త దగ్గర నుంచి చూపిస్తాను. 400 కేవీ లైనులో రెండు టవర్ల మధ్య దూరం సుమారు 400 మీటర్లు. నేరుగా పోయే లైనులో వాడే సాధారణ టవరు రెండు డిగ్రీలకు మించి మలుపు తట్టుకోదు, అంతకన్నా తిరగాలంటే బరువైన మూల టవరు కావాలి, దానికి ఇనుము, కాంక్రీటు ఎక్కువ. అందుకే లైనును పక్క ఊరికి నెట్టమంటే సర్వే ఇంజినీరు ముఖం చిట్లిస్తాడు. అదే లైను వరుసలో టవరును ముందుకో వెనక్కో కొన్ని మీటర్లు జరిపి చేను నడుమ నుంచి గట్టు మీదికి తెమ్మంటే చాలాసార్లు ఒప్పుకుంటాడు. రైతుకు ఆ తేడా చిన్నది కాదు. చేను నడుమ టవరుంటే ట్రాక్టరు ప్రతి సాలుకూ దాని చుట్టూ తిరగాలి, నాలుగు కాళ్ల మధ్య పిచ్చిమొక్కలు పెరిగి పురుగుకు నెలవవుతుంది. గట్టు మూలన ఉంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. బోర్ల సంగతి కూడా మరవకండి. తీగల కింద కొత్త బోరు వేయడానికి బోరు లారీ తన స్తంభాన్ని నిలబెట్టలేదు, పాత బోరు మోటారు పాడైతే పైపులు పైకి లాగడమూ ప్రమాదమే. ఇప్పుడున్న ప్రతి బోరును తీగ వరుస నుంచి ఎన్ని మీటర్లలో ఉందో కొలిపించి రాయించండి. పునాది స్టబ్బులు (టవరు కాళ్ల అడుగు ఇనుప ముక్కలు) పడకముందే ఇవన్నీ అడగాలి, కాంక్రీటు పోశాక అడిగితే వినే నాథుడు ఉండడు.

పరిహారం దగ్గర మన రైతులు ఎక్కువగా నష్టపోయేది, లెక్క ముందే తెలియకపోవడం వల్ల. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరు మార్గదర్శకాలు టవరు అడుగు భాగానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది కారిడార్‌కు 15 శాతం మించకుండా ఇవ్వమన్నాయి. 2024 జూన్‌లో వాటిని సవరించి, టవరు అడుగుకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేశారు. టవరు అడుగు అంటే నాలుగు కాళ్ల మధ్య జాగాతో పాటు ప్రతి వైపూ ఒక మీటరు కలిపి లెక్క వేయాలి. ఉదాహరణకు ఎకరా 20 లక్షలు అనుకుందాం, ఒక చేను మీదుగా లైను 100 మీటర్లు పోతుందనుకుందాం. 400 కేవీ కారిడార్ వెడల్పు 46 మీటర్లు కనుక ఆ చేనులో కారిడార్ కిందికి వచ్చేది ఎకరా 13 సెంట్ల పైచిలుకు. పాత లెక్కలో దీనికి వచ్చే గరిష్ఠ మొత్తం సుమారు 3 లక్షల 41 వేలు, కొత్త లెక్కలో 6 లక్షల 82 వేలు. కాళ్ల మధ్య 15 మీటర్లుండే టవరు ఒకటి అదే చేనులో పడితే, పాత లెక్కలో 95 వేల లోపు వచ్చేది కొత్త లెక్కలో 2 లక్షల 86 వేల దాకా వస్తుంది. పంటకు, చెట్లకు జరిగే నష్టం ఇందులో చేరదు, దానిని వేరుగా కట్టాలి. అందులోనూ సుబాబుల్, జామాయిల్ తోటలున్న వారికి మరో చిక్కు ఉంది. కొట్టేసిన చెట్ల విలువ ఒకసారి ఇస్తారు, ఆ తరువాత ఆ కారిడార్‌లో అలాంటి ఎత్తయిన చెట్టు మళ్లీ వేసుకోనివ్వరు.

అయితే ఇవి కేంద్రం సూచనలు. వీటిని రాష్ట్రం ఏ రూపంలో అమలు చేస్తున్నదో, మీ లైనుకు ఏ జీవో వర్తిస్తుందో కలెక్టరు గారి నుంచి రాతలో తీసుకోండి. ‘ఎకరా విలువ’ అంటే ఏది అన్న దగ్గరే అసలు పోరాటం ఉంటుంది. రిజిస్ట్రేషన్ విలువకూ బజారు ధరకూ ఉన్న అంతరం మీకు నేను చెప్పనక్కరలేదు. ఈ మూడేళ్లలో మీ ఊళ్లో, పక్క ఊళ్లలో జరిగిన క్రయ దస్తావేజుల నకళ్లు సేకరించి పెట్టుకోండి. ఇచ్చిన పరిహారం చాలదనుకున్న రైతు టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద జిల్లా జడ్జి ముందు పిటిషన్ వేసుకోవచ్చు. లైను చేను అంచున పోతున్నదా, నడిమధ్యగా పోతున్నదా, భూమి ఎక్కడ ఉంది, దాని విలువ ఎంత పడిపోయింది అన్నవన్నీ చూడాలని కేరళ విద్యుత్ బోర్డు, లివిషా కేసులో సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. కనుక ‘పూర్తి పరిహారం ముట్టింది, ఇక ఏ అభ్యంతరమూ లేదు’ అన్న మాట ఉన్న కాగితం మీద ఎవరూ తొందరపడి వేలిముద్ర వేయకుండా చూడండి. కౌలు రైతుల సంగతి తీర్మానంలో ప్రత్యేకంగా రాయించండి. భూమి విలువ పట్టాదారుది, చేలో నిలిచిన పంట దానిని వేసినవాడిది. సీసీఆర్సీ కార్డు (కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం) ఉన్నవారి పేర్లు జాబితాలో ముందే చేర్పిస్తే పంచనామా నాడు గొడవ ఉండదు.

ఆరోగ్యం మాట మీరు అడగలేదు గాని గ్రామసభలో తప్పక వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఇలాంటి లైన్ల చుట్టూ ఉండే తక్కువ పౌనఃపున్యపు అయస్కాంత క్షేత్రాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న కోవలో చేర్చింది. అంటే ఉన్న ఆధారాలు పరిమితమని అర్థం. లైను కింద పొలం పని చేస్తే జబ్బు వస్తుందని భయపెట్టడమూ తప్పే, అసలు ఏమీ లేదని కొట్టిపారేయడమూ తప్పే. కారిడార్ లోపలికి ఏ ఇల్లూ, బడీ రాకూడదని గట్టిగా పట్టుబట్టండి. తీగ నేలకు అతి దగ్గరగా వేలాడే చోట కూడా ఉండవలసిన ఎత్తు 400 కేవీకి 8.84 మీటర్లు. గడ్డివాముల బండ్లు, బోరు లారీలు తిరిగే డొంక మీద అంతకన్నా ఎక్కువ ఎత్తు అడగడం న్యాయమే.

రాళ్లు పీకేయాలని, యంత్రాలకు అడ్డంగా పడుకోవాలని అంటున్న కుర్రవాళ్లకు ఒక మాట చెప్పండి. ప్రతిఘటన ఎదురైతే సంస్థ 16వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటుంది, ఆ ఉత్తర్వు తరువాత కూడా అడ్డుపడితే అది నేరం అవుతుంది. అదే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇచ్చే ముందు తమ వాదన వినాలని రైతులు రాతపూర్వకంగా కోరవచ్చు. ఇంతకుముందు చెప్పిన టవరు జరిపే కోరికలు, బోరు కొలతలు, పోరంబోకు పట్టిక పట్టుకుని ఆ విచారణకు వెళితే మీ మాటకు బరువు ఉంటుంది.

ఇక మీరు దాచకుండా చెప్పిన సంగతి. మీ మరిది గారి చేను తప్పించడానికి లైనును అసైన్డ్ భూముల మీదికి జరపమని మీ సంతకంతో ఒక్క అక్షరం కూడా వెళ్లకూడదు. అది న్యాయం కాదన్నది ఒకటి, పైగా ఆ సంతకం బయటపడిన రోజున మీ పంచాయతీ పెట్టిన ప్రతి న్యాయమైన షరతూ దానితో పాటు కొట్టుకుపోతుంది. మార్గం మార్పు గురించి గ్రామసభలో చర్చ వచ్చినప్పుడు, ఇందులో మా కుటుంబ భూమి ఉందని మీరే ముందుగా చెప్పి, ఆ అంశం వరకు సభ నడిపే బాధ్యత ఉపసర్పంచి గారికి అప్పగించండి, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. ఎస్సీ కాలనీ వారికి ఆ తేదీ, ఎజెండా వారం ముందే ఇంటింటికీ చేరాలి, చాటింపుతో సరిపెట్టవద్దు. అసైన్డ్ భూమి గనుక పరిహారం రాదని ఎవరైనా వారికి చెబుతుంటే, ఆ మాటను కాగితం మీద రాసి ఇమ్మని అడగమనండి. మీ మరిది గారికి మాత్రం గట్టు మీదికి టవరు జరపమని పట్టాదారుగా తన పేరుతో తాను అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. ఆ అర్జీ మీ చేతుల మీదుగా పోకుండా చూసుకోండి.

మీరు పంపిన నకలు చదివాను. పంచాయతీకి అభ్యంతరం లేదన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది, సర్వే నంబరు ఉండవలసిన చోట చుక్కల గీత మాత్రమే ఉంది, మ్యాపు జతచేయలేదు. దాని మీద సంతకం పెట్టకండి, కాదని చెప్పి చించివేయనూ వద్దు. 164వ సెక్షన్ ఉత్తర్వు నకలు, మార్గం మ్యాపు, దాటబోయే ప్రతి పోరంబోకు సర్వే నంబరు, విస్తీర్ణం ఇస్తే, టెలిగ్రాఫ్ చట్టం 10(సి), 12 సెక్షన్ల కింద పంచాయతీ షరతులతో పరిశీలిస్తుందని పంచాయతీ లెటర్‌హెడ్ మీద రాసి, ఆ కాగితాన్ని దానికి జతచేసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో వెనక్కి పంపండి.